వేరుగా పడిన అరచేయి: దొంగను పట్టే ఆటల్లో సామూహిక ఓటు

తెలుగు పిల్లల ఆటల్లో 'దొంగ' అనే మాటకు నేరంతో సంబంధం లేదు. దాగుడుమూతల్లో కళ్ళు మూసుకొని, తర్వాత దాగినవారిని వెదికేవాడే దొంగ. అది వంతుల మీద వచ్చే పదవి. ఈ పూట ఒకరిది, మరో ఘడియకు ఇంకొకరిది. మొదటి దొంగ ఎవరో తేల్చుకోవడానికి పిల్లలు పంటలు వేసుకొంటారు. ముగ్గురు చేతులు కలిపి ఊపి, ఒక్కసారిగా అరచేతులు వేస్తారు. ఇద్దరివి బోర్లా, ఒకరిది వెల్లకిలా పడినా, ఇద్దరివి వెల్లకిలా, ఒకరిది బోర్లా పడినా, వేరుగా పడిన చేతివాడు పండినట్లు. అతడు పక్కకు తప్పుకొంటాడు. పండకుండా చివరికి మిగిలినవాడు దొంగ అవుతాడు.

ఈ చిన్న తంతులో గమనించదగిన సామాజిక భావన ఒకటి దాగి ఉంది. పదిమందికి భిన్నంగా ఉన్నవాడు ఇక్కడ విముక్తుడవుతాడు. ఇటీవలి దశాబ్దాల్లో ప్రపంచమంతటా వ్యాపించి, మన కళాశాల వసతిగృహాలకూ, చేతిఫోన్లకూ, టెలివిజన్ తెరలకూ చేరిన 'దొంగను పట్టే ఆటలు' ఈ సూత్రాన్ని తలక్రిందులు చేశాయి. వాటిలో పదిమందికి భిన్నంగా కనిపించినవాడే మొదట అనుమానితుడు, ఆ వెంటనే బహిష్కృతుడు. ఆ బహిష్కారానికి సాధనం ఓటు. ప్రజాస్వామ్య జీవనంలో మనం పవిత్రంగా ఎంచే ఈ సాధనం ఆటస్థలంలో ఎలా ప్రవర్తిస్తుంది? అది సత్యాన్ని కనుగొంటున్నదా, లేక సమూహపు అలవాటును బయటపెడుతున్నదా? ఈ ఆటలను ఒక కళారూపంగా భావించి విమర్శించదలచినవారికి ఇదే ప్రధానమైన ప్రశ్న.

మాస్కో వసతిగృహాల నుంచి మన వాకిళ్ళకు

ఈ కోవకు ఆద్యమైనది 'మాఫియా'. 1980ల ద్వితీయార్ధంలో మాస్కో విశ్వవిద్యాలయపు మనస్తత్వశాస్త్ర శాఖలో ఉన్న దిమిత్రీ దవీదోవ్ దీనికి రూపకల్పన చేశాడు. కథావస్తువు అతి సరళం. చీటీల ద్వారా కొందరు దొంగలుగా, మిగిలినవారు ఊరివారుగా నియుక్తులవుతారు. దొంగలు ఒకరినొకరు ఎరుగుదురు. ఊరివారికి ఎవరు ఎవరో తెలియదు. 'రాత్రి' అందరూ కళ్ళు మూసుకొన్నప్పుడు దొంగలు ఒక ఊరివాణ్ణి ఆట నుంచి తొలగిస్తారు. 'పగలు' అందరూ చర్చించి, ఓటు వేసి, ఒకరిని దొంగగా తీర్మానించి వెలివేస్తారు. దొంగలంతా పోతే ఊరు గెలుస్తుంది. దొంగల సంఖ్య ఊరివారి సంఖ్యతో సమానమైతే దొంగలు గెలుస్తారు. తెలిసిన అల్పసంఖ్యాకులకూ, తెలియని అధికసంఖ్యాకులకూ మధ్య జరిగే పోరాటం ఇది. 1997లో ఆండ్రూ ప్లాట్‌కిన్ దీనికి తోడేలు మనుషుల కథను తొడిగాడు. 2018లో వెలువడిన 'అమాంగ్ అస్' దీనినే ఒక అంతరిక్ష నౌకలోకి మార్చగా, 2020లో లోకమంతా ఇళ్ళలో బందీ అయిన రోజుల్లో కోట్లమంది చేతిఫోన్లలో దానిని ఆడారు.

మనకు ఇటువంటి ఆట కొత్త కాదు. రాముడు, సీత, లక్ష్మణుడు, భరతుడు, శత్రుఘ్నుడు, ఆంజనేయుడు అని చీటీలు రాసి, మడిచి, విసిరి, తలా ఒకటి తీసుకొని, రాముని చీటీ వచ్చినవాడు సీత ఎవరి వద్ద ఉన్నదో ముఖకవళికలను బట్టి కనిపెట్టే ఆట తెలుగు లోగిళ్ళలో సుపరిచితం. రాజు, మంత్రి, దొంగ, సిపాయి చీటీలాట దేశమంతటా ఉన్నదే. అయితే వీటిలో ఊహించే బాధ్యత ఒక్కడిది. అతడు పొరబడితే ఆ నష్టం అతని మార్కుల్లో పడుతుంది. మాఫియాలో ఊహించేది సమూహం. పొరపాటుకు మూల్యం చెల్లించేది మాత్రం వెలిపడిన ఒక్కడు. ఈ భేదం చిన్నది కాదు. ఊహ ఒకరి నుంచి పదిమందికి మారినప్పుడు, బాధ్యత పదిమందిలో కరిగిపోయి ఎవరిదీ కాకుండా పోతుంది.

అనుమానం గురించి తెలుగువారికి ఒక సామెత ఉంది: గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకొన్నాడని. కాయ మోసినవాడి భుజానికి బూడిద అంటి ఉంటుంది గనుక, పేరెత్తగానే అతడి చేయి అప్రయత్నంగా భుజం మీదికి పోతుంది. గుంపులో నింద వేసి చూస్తే దోషి తనంత తానే బయటపడతాడన్న విశ్వాసం ఈ సామెతకు ఆధారం. దొంగను పట్టే ఆట ఈ విశ్వాసాన్నే పరీక్షకు పెడుతుంది. పదిమంది కళ్ళూ ఒకేసారి తన మీద పడినప్పుడు, గుమ్మడికాయ ఎరుగని నిర్దోషి కూడా భుజం తడుముకొంటాడు. ఆరితేరిన దొంగ మాత్రం చేయి కదపడు.

ఓటుకు మూడు తీరులు

ఓటు ఎలా వేయాలన్న విచారణ మన నేలకు ప్రాచీనమైనదే. 1949 నవంబరు 25న రాజ్యాంగ పరిషత్తులో ప్రసంగిస్తూ డాక్టర్ అంబేద్కర్, బౌద్ధ భిక్షు సంఘాలు సభామర్యాదలన్నింటినీ ఎరిగి ఆచరించాయని గుర్తుచేశారు. వినయపిటకంలోని చుల్లవగ్గం సంఘంలో వివాదం తేలనప్పుడు శలాకల ద్వారా, అనగా పుల్లల ద్వారా, అభిప్రాయం సేకరించే విధానాన్ని వివరిస్తుంది. దానికి మూడు తీరులు. మొదటిది గూఢం: రంగు భేదంగల పుల్లలను ఇచ్చి, నచ్చినది తీసుకొమ్మని, ఎవరికీ చూపవద్దని చెప్పడం. రెండవది చెవిలో చెప్పడం: ఏ పుల్ల ఏ పక్షానిదో ఒక్కొక్కరికీ చెవిలో చెప్పి తీసుకోనివ్వడం. మూడవది వివృతం: బహిరంగంగా సేకరించడం. పుల్లలు సేకరించే భిక్షువు రాగం, ద్వేషం, మోహం, భయం అనే నాలుగింటికీ లోబడనివాడై, ఏది తీసుకోబడిందో ఏది తీసుకోబడలేదో ఎరిగినవాడై ఉండాలన్నారు.

ఈ విధానంలో ఈనాటి పాఠకుణ్ణి ఇబ్బంది పెట్టే అంశమూ ఉంది. ధర్మవిరుద్ధమైన పక్షానికి ఎక్కువ పుల్లలు పడితే, సేకరణ సరిగా జరగలేదని త్రోసిపుచ్చే అధికారం ఆ భిక్షువుకు ఉంది. ఫలితం ఎలా ఉండాలో ముందే తెలిసినవాడు లెక్కించే ఓటు అది. దొంగను పట్టే ఆటలో సైతం నిర్వాహకునికి అసలు నిజం తెలుసు. కాని అతడు నోరు మెదపరాదు. తప్పు తీర్పును సైతం అమలు చేయవలసిందే. ప్రాచీన సంఘం సత్యాన్ని కాపాడడానికి ఓటును త్రోసిపుచ్చింది. ఆధునిక క్రీడ ఓటును కాపాడడానికి సత్యాన్ని త్రోసిపుచ్చుతున్నది. ఈ రెంటి నడుమ మన ప్రజాస్వామ్యం నిలబడి ఉన్నది.

ఈ మూడు తీరులూ నేటి ఆటల్లో యథాతథంగా కనిపించడం ఆశ్చర్యకరం. మాఫియాలో చేయెత్తి చూపే ఓటు వివృతం. 'అమాంగ్ అస్'లో ఎవరు ఎవరికి వేశారో కనబడకుండా చేసే సదుపాయం ఉన్నది, అది గూఢం. చెవిలో చెప్పే ఓటు నియమావళిలో ఎక్కడా ఉండదు గాని, అన్ని ఆటల్లోనూ నడుస్తూనే ఉంటుంది.

పన్నుగడలు, వాటి లెక్కలు

సమూహం ఓటు వేసేటప్పుడు ఇరుపక్షాలూ అనుసరించే పన్నుగడలు కొన్ని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించడం అవసరం.

మొదటిది వెంట నడవడం. నలుగురితో పాటు నారాయణా అన్నట్లు, ఇద్దరు ముగ్గురు ఒక పేరు చెప్పగానే మిగిలినవారు దానికే చేయెత్తుతారు. వ్యతిరేకిస్తే తామే అనుమానితులవుతారన్న భయం దీనికి మూలం. 1785లో ఫ్రెంచి తత్త్వవేత్త కోందోర్సే ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. ఇద్దరిలో దోషి ఎవరన్న వంటి రెండు మార్గాల ప్రశ్నకు ఒక్కొక్కరి ఊహ సగం కంటే ఎక్కువసార్లు నిజమయ్యేదైతే, సంఖ్య పెరిగేకొద్దీ అధికసంఖ్యాకుల తీర్పు నిజానికి చేరువవుతుంది. సగం కంటే తక్కువైతే, సంఖ్య పెరిగేకొద్దీ అంత నిశ్చయంగా తప్పుకు చేరువవుతుంది. ఈ సిద్ధాంతానికి ప్రాణం స్వతంత్రత: ఎవరి ఊహ వారిదై ఉండాలి. వెంట నడిచిన పదిమంది ఓట్లు లెక్కకు పది. జ్ఞానానికి మాత్రం ఒక్కటే.

రెండవది దొంగల చీలిక. ముగ్గురు దొంగలు ఒకే పేరుకు ఓటు వేస్తే రేపటికి అది సాక్ష్యమవుతుంది. అందువల్ల వారు విడివిడిగా, ఇద్దరు నిర్దోషుల మధ్య చీలిపోయి, ఊరి చర్చను ఆ ఇద్దరి నడుమనే తిప్పుతారు. ఎటు తీర్పు వచ్చినా వెలిపడేది నిర్దోషియే. మూడవది తోటిదొంగను బలిపెట్టడం. అతడు ఎలాగూ దొరికిపోతాడని తేలినప్పుడు అందరికంటే ముందు చేయెత్తి, ఆ పేరుతో మిగిలిన ఆటంతా సజ్జనుడిగా చలామణి కావడం. ఇది రాజనీతిలోనూ అపరిచితం కాదు.

నాలుగవది ఓటు వేయకపోవడం. ఇది పిరికితనంగా కనిపించినా కొన్ని సందర్భాల్లో ఉత్తమ మార్గం. నలుగురు మిగిలి, వారిలో ఒకడు దొంగ అనుకొందాం. ఎవరి మీదా ఏ ఆధారమూ లేదు. ఓటు వేసి ఒకరిని వెలివేస్తే దొంగ చిక్కే అవకాశం 4లో 1. గురి తప్పితే ముగ్గురు మిగులుతారు; రాత్రికి మరొకరు పోతారు; దొంగ గెలుస్తాడు. ఎవరినీ వెలివేయకుండా ఊరుకొంటే, రాత్రికి ఒకరు పోయి ముగ్గురు మిగులుతారు. అప్పుడు వేసే ఓటుకు అవకాశం 3లో 1. ఆరుగురు ఉన్నప్పుడు సైతం ఇదే కథ: ఓటు వేస్తే ఊరు గెలిచే అవకాశం నూటికి సుమారు 44, ఆ పూటకు ఊరుకొంటే సుమారు 47. మొత్తం సంఖ్య సరిసంఖ్య అయినప్పుడు తొందర ఊరికి చేటు. తెలియనప్పుడు తీర్పు చెప్పకపోవడమూ ఒక తీర్పేనని గణితం ఇక్కడ సాక్ష్యం చెబుతున్నది.

అయిదవది, అన్నింటికంటే ఆలోచింపజేసేది, చీటీ వేయడం. 2008లో ప్రచురితమైన ఒక పరిశోధనలో మార్క్ బ్రేవర్‌మన్, ఒమిద్ ఎతెసామీ, ఎల్చనన్ మోసెల్ అనే గణితవేత్తలు మాఫియాను సమగ్రంగా విశ్లేషించారు. ఊరివారికి ఎటువంటి వేగు సహాయమూ లేని ఆటలో, ఎవరో ఒకరిని యాదృచ్ఛికంగా ఎంచి తొలగించడమే ఊరికి ఉత్తమ వ్యూహమని వారు నిరూపించారు. అటువంటి ఆటలో దొంగల సంఖ్య మొత్తం సంఖ్యకు వర్గమూలం స్థాయిలో ఉన్నా చాలు, వారు ఊరికి దీటుగా నిలబడగలరు. అంటే వందమంది ఊరిని ఎదుర్కోవడానికి పదిమంది స్థాయిలో దొంగలు చాలు. సమాచారం లేని చోట గంభీరమైన చర్చ, వాగ్ధాటి, ముఖ పరిశీలన అన్నీ కలిసి చీటీ కంటే మెరుగైన ఫలితాన్ని ఇవ్వలేవని దీని భావం. పదవ శతాబ్దిలో చోళరాజు మొదటి పరాంతకుని కాలపు ఉత్తరమేరూరు శాసనాలు, అర్హుల పేర్లు తాటాకుల మీద రాసి, కుండలో వేసి, బాలునిచేత తీయించి గ్రామసభా సంఘాలను ఏర్పరచిన పద్ధతిని వివరిస్తున్నాయి. అర్హతలు నిర్ణయించేవరకు మనుషుల విచక్షణ. ఆపైన పక్షపాతానికి తావులేని కుండ. ఆ పెద్దలు చీటీ విలువను గుర్తించారు.

బమ్రోలిలో ఏడుగురు

ఇంతవరకూ చెప్పుకొన్న లెక్కలన్నీ ఆటగాళ్ళందరూ ఒకే భాషలో, ఒకే ధారాళతతో మాట్లాడతారన్న ఊహ మీద నడిచాయి. ఆ ఊహ విశ్వవిద్యాలయపు వసతిగృహంలో చెల్లవచ్చు. సూరత్ వంటి నగరంలో చెల్లదు. ఆ నగరపు దక్షిణ భాగాన బమ్రోలి, పాండేసర, ఉధ్నా ప్రాంతాలు మరమగ్గాల సీమ. గుజరాతీలతో పాటు ఒడిశా, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, బీహారుల నుంచి వచ్చిన శ్రామికులు అక్కడ పనిచేస్తున్నారు. తెలంగాణ చేనేత కుటుంబాలు సోలాపూర్, భివండి, ముంబయిలకు వలసపోయినట్లే సూరత్‌కు సైతం వలసపోయాయి. తెలుగు మాధ్యమంలో కూడా పురపాలక పాఠశాలలు నెలకొల్పవలసి వచ్చిన గుజరాతీ నగరం అది. అక్కడ మగ్గాల మోతలో మాట కంటే సైగే ఎక్కువ పని చేస్తుంది. మోత ఆగినప్పుడు వాడేది అందరికీ అంతో ఇంతో వచ్చిన హిందీ.

అటువంటి బమ్రోలి వీధిలో సెలవునాటి సాయంత్రం ఏడుగురు యువకులు మాఫియా ఆడుతున్నారనుకొందాం. ఇద్దరు ఒడియావారు, ఇద్దరు మరాఠీవారు, ఇద్దరు ఉత్తరప్రదేశ్ వారు, ఒకడు కరీంనగర్ వైపు నుంచి కొత్తగా వచ్చిన తెలుగువాడు. దొంగ ఒక్కడే. తెలుగువానికి హిందీ అర్థమవుతుంది గాని, వెంటనే మాట తోచదు. 'నీవు దొంగవా?' అని అడిగితే ఒక క్షణం తడబడతాడు. తెలుగులో ఆలోచించి హిందీలో చెప్పడానికి పట్టే క్షణమది. బల్ల చుట్టూ ఉన్నవారికి అది భుజం తడుముకొన్నట్లే కనిపిస్తుంది. చేతులు లేస్తాయి. మొదటి పగలే అతడు వెలిపడతాడు.

ఇందులో గెలుపోటముల లెక్క ఏమిటి? ఏడుగురిలో ఒక దొంగ ఉన్నప్పుడు, ఆధారం లేకుండా వేసే ఓటుతో ఊరు గెలిచే అవకాశం 35లో 19, అనగా నూటికి 54. తడబడినవాణ్ణి వెలివేసినా ఈ అవకాశం మారదు. చీటీ తీసి ఒకరిని వెలివేసినా మారదు. తడబాటుకూ దొంగతనానికీ సంబంధం లేదు గనుక, అతడు దొంగ అయ్యే అవకాశమూ అందరితో పాటు 7లో 1 మాత్రమే. ఈ పూటకు ఊరు పోగొట్టుకొన్నది ఏమీ లేదని, కాబట్టి ఇందులో అన్యాయం లేదని ఎవరైనా వాదించవచ్చు.

అయితే ఆట ఒక్కసారితో ముగియదు. రేపు, ఎల్లుండి, వచ్చే వారం మళ్ళీ ఆడతారు. చీటీ వేస్తే వెలిపడే వంతు ఏడుగురికీ సమంగా తిరుగుతుంది. తడబాటును చూసి ఓటు వేస్తే, ప్రతి సాయంత్రమూ ఒక్కడే మొదట వెలిపడి, మిగిలిన ఆటంతా గోడకానుకొని చూస్తూ కూర్చుంటాడు. గెలుపు లెక్కలో తేడా లేదు. భారం పంపకంలోనే తేడా. దొంగకు దీనివల్ల అదనపు లాభమూ ఉన్నది. సమూహం ఎవరి మీదికి పోతుందో అతనికి ముందే తెలుసు. కాబట్టి రాత్రివేళ ఆ తడబడేవాణ్ణి తొలగించక, పగటి ఓటుకు ఎరగా దాచుకొంటాడు. సమూహపు పక్షపాతం దొంగ చేతికి ఆయుధమవుతుంది.

ఇది తెలుగువాని కష్టం మాత్రమేనని భావించడం పొరపాటు. అదే వీధిలో ఆరుగురు తెలుగువారి నడుమ ఒక ఒడియా యువకుడు కూర్చుంటే, లేచే చేతులు మన చేతులే. నత్తి ఉన్నవాడు, బిడియస్తుడు, వయసులో చిన్నవాడు, మగవారి గుంపులో ఒంటరిగా కూర్చున్న స్త్రీ, వీరందరి పరిస్థితీ ఇదే. కౌరవ సభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు పెద్దలు మౌనం వహించినప్పుడు, ఆమె పక్షాన మాట్లాడిన వికర్ణుణ్ణి కర్ణుడు ఎలా ఆక్షేపించాడో సభాపర్వం చదివినవారికి విదితమే. వికర్ణుని వాదం ఏమిటన్నది పక్కకు పోయి, పెద్దలు పలకని చోట పలికిన కుర్రవాడెవడన్నదే ప్రశ్న అయింది. వేరుగా పడిన అరచేయి అతనిది. పంటల ఆటలో అయితే అతడు పండి ఉండేవాడు.

తెరమీది ద్రోహులు

ఈ ఆట తెరకెక్కినప్పుడు కలిగిన మార్పును కూడా విమర్శకులు గమనించవలసి ఉన్నది. నెదర్లాండ్స్‌లో 2021లో మొదలైన ఒక టెలివిజన్ ప్రదర్శన అనేక దేశాలకు వ్యాపించి, 2025 జూన్‌లో 'ది ట్రెయిటర్స్' పేరుతో భారతదేశానికి వచ్చింది. ప్రైమ్ వీడియోలో కరణ్ జోహార్ నిర్వహణలో, జైసల్మేరులోని ఒక రాజప్రాసాదంలో ఇరవైమంది పాల్గొన్నారు. తెలుగువారికి సుపరిచితురాలైన మంచు లక్ష్మి వారిలో ఒకరు. రోజుకొకసారి అందరూ గుండ్రటి బల్ల చుట్టూ చేరి, ఎవరికి వారు పలక మీద పేరు రాసి, ఆ తర్వాత ఒక్కొక్కరుగా చూపి, కారణం చెప్పడం ఇందులోని ప్రధాన ఘట్టం.

ఓటు పద్ధతిగా చూస్తే ఇది మెచ్చదగినది. ముందుగా రాయడం వల్ల తోటివారి పలక చూసి మనసు మార్చుకొనే వీలు లేదు. కోందోర్సే కోరిన స్వతంత్రతకు కొంత రక్షణ దొరికింది. తర్వాత బహిరంగంగా చూపడం వల్ల ఎవరి ఓటు ఏమిటో అందరికీ తెలుస్తుంది. గూఢమూ వివృతమూ కలిసిన మేలైన కూర్పు ఇది. అయినా తీర్పులు తరచుగా తప్పుదారి పట్టడానికి కారణం, అసలు ఓటు బల్ల వద్ద కాక నడవాల్లో, మెట్ల మీద, ముగ్గురు నలుగురి గుసగుసల్లో పడుతూ ఉండడమే. చుల్లవగ్గం చెప్పిన చెవిలోని ఓటు ఇదే. పలక మీది పేరు అప్పటికే నిర్ణయమైన దానికి నకలు మాత్రమే.

ఈ ప్రదర్శనపై గట్టిగా చెప్పవలసిన ఆక్షేపణ మరొకటి. ద్రోహులెవరో ప్రేక్షకునికి మొదటినుంచీ తెలుసు. అందువల్ల అతడు విచారణలో భాగస్వామి కాడు. నిర్దోషి వెలిపడుతుంటే పైనుంచి చూసి వినోదించే సాక్షి మాత్రమే. నాటకంలో పాత్రకు తెలియనిది ప్రేక్షకునికి తెలిసి ఉండడం అనాదిగా ఉన్న రసపోషణ సాధనం. కాని అక్కడ ఆ తెలివిడి కరుణను పెంచుతుంది. ఇక్కడ అది ఎక్కువగా అపహాస్యాన్ని పెంచుతున్నది. తెలియని స్థితిలో తీర్పు చెప్పడం ఎంత కష్టమో తెలియజేయడమే ఈ క్రీడ ప్రసాదించగల అపూర్వమైన అనుభవం. తెర ఆ అనుభవాన్నే ప్రేక్షకునికి దూరం చేసింది.

వెలివేయని ఓటు

వెలివేత లేకుండా ఈ ఆట సాధ్యమా? సాధ్యమేనని 2009లో డాన్ ఎస్కరిడ్జ్ రూపొందించిన 'ది రెసిస్టెన్స్' నిరూపించింది. అయిదుగురు మొదలు పదిమంది వరకు ఆడే ఈ ఆటలో సుమారు మూడవ వంతు మంది గూఢచారులు. ఎవరూ ఆట నుంచి తొలగరు. ప్రతిసారీ ఒకరు నాయకుడై, ఒక పనికి ఫలానావారిని పంపుదామని జట్టును ప్రతిపాదిస్తాడు. అందరూ ఒకేసారి, బహిరంగంగా, ఆ జట్టుకు అవుననో కాదనో ఓటు వేస్తారు. అంగీకారం పొందిన జట్టులో గూఢచారి ఉంటే అతడు రహస్యంగా పనిని చెడగొట్టవచ్చు. వరుసగా అయిదు ప్రతిపాదనలను కాదంటే గూఢచారులే గెలుస్తారు. అంటే ఊరికే కాదంటూ కూర్చోవడానికీ మూల్యం ఉన్నది.

ఈ చిన్న మార్పుతో ఓటు స్వభావమే మారిపోయింది. 'ఎవరిని వెళ్ళగొడదాం?' అన్న ప్రశ్న స్థానంలో 'ఎవరిని నమ్మి పని అప్పగిద్దాం?' అన్న ప్రశ్న వచ్చింది. మొదటి జట్టులో చోటు దక్కనివాడు రెండవ జట్టు వేళకు అక్కడే ఉంటాడు. ఎవరు ఏ జట్టుకు అవునన్నారో గుర్తుపెట్టుకొని తన వాదం వినిపించవచ్చు. బమ్రోలి బల్ల వద్ద తడబడిన యువకునికి ఇక్కడ మాట కూడదీసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. అతడి హిందీ తడబడినా, అతడి అయిదు ఓట్లు వరుసలో పెట్టి చూస్తే అవి స్పష్టంగా మాట్లాడతాయి. ఉచ్చారణ దోషం లేని భాష అది. లోపాలు ఇందులోనూ లేకపోలేదు. మాటకారి ఇక్కడా ముందే ఉంటాడు. ఒకసారి చెడిన జట్టులోని నిర్దోషిని ఆట చివరిదాకా అనుమానం వెంటాడుతుంది. అయినా అతడు ఆ అనుమానానికి జవాబు చెప్పుకోవడానికి బల్ల దగ్గరే ఉంటాడు.

ఈ పరిశీలన వల్ల తేలేది ఒకటి. ఓటు సహజంగానే చీటీ కంటే గొప్పదన్న నమ్మకానికి ఆధారం లేదు. ఏ సమాచారమూ లేనప్పుడు చీటీయే ఉత్తమం. అది కనీసం భారాన్ని సమంగా పంచుతుంది. ఓటు చీటీని మించిపోవాలంటే రెండు షరతులు నెరవేరాలి. ప్రతి ఓటుకూ వేసినవాడు కారణం చెప్పాలి. వేసిన ఓటు రేపటి పరిశీలనకు నిలిచి ఉండాలి. ఈ రెండూ ఉన్నప్పుడు నిన్నటి తప్పు తీర్పు సైతం ఈనాటి సమాచారమవుతుంది: ఎవరు తొందరపెట్టారు, ఎవరు ఊరకే వెంట నడిచారు, ఎవరు తోటివాణ్ణి బలిపెట్టారు అన్నది తేలుతుంది. ఈ షరతులు పౌరుడు రహస్యంగా వేసే సార్వత్రిక ఓటుకు వర్తించవు. అక్కడ రహస్యమే బలహీనునికి రక్ష. ఒక మనిషిని పేరుపెట్టి దోషిగా నిలబెట్టే ఓటుకు, అది కులపంచాయతీలోనైనా, కార్యాలయ సమావేశంలోనైనా, సాయంకాలపు ఆటలోనైనా, రహస్యం రక్ష కాదు, చాటు మాత్రమే.

కళాశాలల్లో, యువజన శిబిరాల్లో ఈ ఆటలను ఆడించే అధ్యాపకులు, నిర్వాహకులు పెద్ద హంగులేమీ లేకుండానే కొన్ని మార్పులు చేయవచ్చు. పేరు ముందుగా కాగితం మీద రాయించి, తర్వాత అందరికీ ఒకేసారి చూపించవచ్చు. కారణం ఒక్క వాక్యంలో, ఎవరి భాషలో వారు చెప్పే వీలు కల్పించి, తోటివారిచేత అనువదింపజేయవచ్చు. ప్రతి పగటి ఓట్లనూ గోడ మీద రాసి ఉంచవచ్చు. ఆధారం బొత్తిగా లేని మొదటి పగలు ఓటు మాని పంటలు వేసుకోవచ్చు. అప్పుడు వెలిపడినవాడు వంతు వచ్చి పక్కకు జరిగినవాడే గాని, నింద మోసినవాడు కాడు.